నేరం వానదేనా?

మా వింజమూరు ప్రాంతంలో వాన కోసం మొక్కినవాళ్ళే గాని వానను తిట్టినవాళ్ళు తక్కువ. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో ఏడాది బతుకంతా ఆ నాలుగు వానల మీదనే నిలిచివుంటుంది. కాని ఆ వానే వెలిగొండల మీద ఒక్క రాత్రిలో కుమ్మరిస్తే, నిన్నటిదాకా ఉత్త యిసుకగా వున్న వాగు తెల్లవారేసరికి మనిషిని నిలవనీయదు. అప్పుడు మన నోట వచ్చే మాట ఒకటే: "దైవాధీనం." యీ మాట ఎంతవరకు నిజం?

ఆ కొండలకు ఆవలి వైపున జరిగినదాన్నే తీసుకుందాం. 2021 నవంబరు 19న కడప సీమలో, రాజంపేట వద్ద, చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే తెగివుంది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి గ్రామాలు ఏటిపాలయ్యాయి. పదుల సంఖ్యలో మనుషులు కొట్టుకుపోయారు. ఆ నీరే పెన్నలో కలిసి, సోమశిల దాటి, నెల్లూరు దాకా వచ్చింది.

కనీవినీ ఎరుగని వరద అన్నారు రాష్ట్ర పాలకులు. అయిదు గేట్లలో ఒకటి లేవలేదని ఆ డిసెంబరులో రాజ్యసభలో కేంద్రమంత్రి అన్నారు. యీ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. కాని గేటు లేవకపోవటం వాన చేసే పని కాదు. వానకు సంకల్పం లేదు గనుక పాపమూ లేదు. మనిషి మాత్రం చేసినదానికే గాక, చేయగలిగి చేయనిదానికి కూడా జవాబు చెప్పవలసినవాడు.

అభ్యుదయవాదులం మనమూ ఒక సుళువైన దారి తొక్కుతున్నాం. "వ్యవస్థదే తప్పు" అని వూరుకుంటున్నాం. ఆ మాట అబద్ధం కాదు. మెరకన చోటు కొనలేనివాడే పల్లంలో యిల్లు కట్టుకుంటాడు. కాని పేరులేని వ్యవస్థ, రూపంలేని దైవం - రెండూ నేరాన్ని ఒకే విధంగా దాస్తాయి. వ్యవస్థను విప్పిచూస్తే అందులో మరమ్మత్తు కాగితాన్ని ఆపిన చెయ్యి వుంటుంది, వేళకు దండోరా వేయించని అధికారం వుంటుంది, అడగని మన మౌనమూ వుంటుంది.

పూర్వం చెరువు నిండితే కలుజు పారుతున్నదా, కట్ట చెమ్మగిల్లుతున్నదా అని రాత్రిళ్ళు కాపలా కాసేవారు. కుడిమరామత్తు పేరిట వూరే కట్టను బాగుచేసుకునేది. అది స్వర్ణయుగమని నేననను. తట్ట మోసినవాడు ఒకడు, తడి అనుభవించినవాడు మరొకడు. అయినా కట్ట ఎవరు చూడాలో, తెగితే ఎవరిని నిలదీయాలో వూరందరికీ తెలుసు. మనం పోగొట్టుకున్నది ఆ ఎరుకను.

2021 డిసెంబరులోనే ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. చట్టం వున్నంతమాత్రాన అడిగే నోరు పుట్టదు. వరద బాధితుడికి యిచ్చే పరిహారాన్ని దయ అనటం మానుదాం. అది తీర్చవలసిన బాకీ. కార్తీకంలో మళ్ళీ మబ్బులు వెలిగొండ ఎక్కుతాయి. వాటిని ఆపటం మనవల్ల కాదు. మన వూరి కట్ట చూసే బాధ్యత ఎవరిదని, మబ్బు పట్టకముందే అడగటం మాత్రం మనవల్ల అవుతుంది.