శస్త్రచికిత్స - సల్లేఖన - సత్యము

ఇంటి పెద్దకు అన్నము సహించక, బరువు తగ్గి, పరీక్షలో జీర్ణాశయమునకో ప్రేగులకో కేన్సరని తేలినప్పుడు ఆ ఇంట రెండు మాటలు పుట్టును. "ఆయనకు చెప్పవద్దు, బెంగపెట్టుకొనును" అనునది మొదటిది. "ఈ వయసులో కోతలెందుకు? ధర్మమార్గమున పోనిండు" అనునది రెండవది. రెండింటను ప్రేమయే ఉన్నది. కాని ఆ రెండు మాటలును రోగి లేని గదిలో జరుగుట విచారింపదగిన సంగతి.

సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమున సల్లేఖనకు స్పష్టమైన హద్దు గీచినారు. ఉపసర్గము, దుర్భిక్షము, వార్ధక్యము, రోగము - ఇవి ప్రతీకారము లేనివైనప్పుడే ఆ వ్రతమునకు తావు. రోగము వచ్చుట చాలదు. అది తీరనిదై యుండవలెను. మరియు బ్రతుకుపై ఆశ, చావుపై ఆశ, భయము ఆ వ్రతమునకు అతిచారములు. కనుక కత్తికి వెరచి వ్రతమును ఆశ్రయించుట ఆచార్యులు చెప్పిన మార్గము కాదు.

మరి తీరని రోగమేది? 1879లో పారిస్ నగరమున పెయాన్, 1880లో రిడిగియర్ కేన్సరు పట్టిన జీర్ణాశయ భాగమును కోసి తీసిరి, రోగులు దక్కలేదు. 1881 జనవరి 29న వియన్నాలో బిల్‌రోత్ చేసిన శస్త్రచికిత్స ఫలించినది. కాని కోలుకొన్న ఆ స్త్రీ సుమారు నాలుగు నెలలకు ఆ వ్యాధితోనే మరణించినది. నేడు తొలిదశలో దొరికిన జీర్ణాశయపు కేన్సరును, పెద్దప్రేగు కేన్సరును కోసి తీసి నయము చేయుట సాధ్యము. ఇతర అవయవములకు ప్రాకిన పిమ్మట ఆ ఆశ చాల తగ్గును. కావున కేన్సరను పేరు విన్నంతనే తీరని వ్యాధియని తీర్పు చెప్పుట తొందరపాటు.

అట్లని శస్త్రచికిత్స తేలికైనది కాదు. ప్రేగులను కలిపి కుట్టిన అతుకు కొన్ని దినములకు విడి లోపల కారవచ్చును. జ్వరము, కడుపునొప్పి వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. మరల కోయవలసిన అవసరము కలుగవచ్చును. జీర్ణాశయమంతయు తీసినవారు కొద్దికొద్దిగా పలుమార్లు తినవలెను. బి12 విటమిను జీవితాంతము పుచ్చుకొనవలెను. రాత్రిభోజన త్యాగము పాటించువారు ఆ ఆహారమును సూర్యాస్తమయము లోపల ఎట్లు అమర్చుకొనవలెనో డాక్టరును ముందే అడుగుట మంచిది. గుదమునకు చేరువలో కేన్సరున్నచో కొందరికి పొట్టపై ద్వారము చేసి మలమునకు సంచి తగిలింతురు. అది కొందరికి కొంతకాలమే, కొందరికి జీవితాంతము. రోగియైన మునికి అసహ్యపడక సేవచేసిన ఉద్దాయన మహారాజును నిర్విచికిత్సాంగమునకు ఉదాహరణగా చెప్పుకొను సమాజమున, ఆ సంచిని చూచి ఎవరును ముఖము త్రిప్పుకొనరాదు.

ఇన్ని లాభనష్టములున్న లెక్కను చూడవలసినదెవరు? దుకాణమున నష్టము వచ్చినదని తెలిసియు గుమాస్తా యజమానికి చిట్టా చూపకున్నచో దానిని ప్రేమయని ఎవరును అనరు. ఇచ్చట దేహము రోగిది, మిగిలిన దినములు రోగివి. నిజము దాచినచో ఆయన కత్తిని ఎంచుకొనలేడు, వ్రతమును ఎంచుకొనలేడు. ఎవరితో ఏ మాట మిగిలినదో చెప్పుకొని, క్షమాపణ అడుగుటకైనను వ్యవధి ఉండదు.

నిజము చెప్పుటయనగా మొగమున విసరుట కాదు. పరుషవాక్కు కూడ హింసయే. ఆయన అడిగినంత, ఓర్చుకొనగలిగినంత, మెల్లగా చెప్పవలెను. వివరములు తనకు వద్దని రోగియే అన్నచో అదియు ఆయన నిర్ణయమే. వ్యాధి ఎంతవరకు ప్రాకినది, శస్త్రచికిత్స నయము చేయుటకా, బాధ తగ్గించుటకు మాత్రమేనా, అందలి అపాయములేవి, చేయనిచో ఏమగును - ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఆయన ఎదుటనే డాక్టరు నోట వినుట మేలు.

తెలిసికొని శస్త్రచికిత్సకు ఒప్పుకొనుట ధర్మమునకు విరుద్ధము కాదు. రోగము నిజముగా తీరనిదైనప్పుడు, తెలిసికొని, శాంతచిత్తముతో గురువును ఆశ్రయించుట భీరుత్వము కాదు. ఏ దారియైనను నడువవలసినది ఆయనయే. కాబట్టి ఇంటివారు ఆలోచన చేయు గదిలోనికి ముందుగా ఆయనను పిలువవలెను.