ఏ జ్ఞానం నిలుస్తుంది?

స్వాతి కార్తెలో కురిసిన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పూర్వులు నమ్మారు. వాన చినుకే ముత్యానికి మూలమన్న నమ్మకం గల్ఫ్ తీరాన కూడా ఉండేది. 12వ శతాబ్దపు యాత్రికుడు టుడేలా బెంజమిన్ ఖతీఫ్ ప్రాంతపు ముత్యాలను గురించి ఇటువంటి మాటే రాశాడు. భాషలు, మతాలు వేరైనా ఎన్నో తరాలవారు సత్యమని అంగీకరించిన విషయమిది. నేడు శాస్త్రం దీనిని అంగీకరించదు. పరాన్నజీవి వంటిదేదైనా చిప్పలోకి చొరబడినప్పుడో, లోపలి మెత్తని కణజాలం గాయపడినప్పుడో, ఆ చోట మెరిసే పదార్థం పొరలు పొరలుగా పేరుకొని ముత్యమవుతుందని ఇప్పుడు మనకు తెలుసు.

అయితే ఒక తరం అంగీకరించిన జ్ఞానాన్ని మరొక తరం విసర్జించక తప్పదా? ఖతార్‌లో నివసిస్తున్న మనం ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి దూరం పోనక్కరలేదు.

చమురు వెలికిరాక పూర్వం ఈ దేశానికి ముత్యాలే ప్రధాన జీవనాధారం. 18వ శతాబ్దం చివర ముత్యాల వర్తకంతో వర్ధిల్లిన అల్ జుబారా పట్టణపు శిథిలాలను యునెస్కో 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవిలో సుమారు నాలుగు నెలలు పడవలు సముద్రం మీదనే ఉండేవి. మునకగాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, రాతి బరువు సాయంతో ఒక్క ఊపిరిలో సముద్రపు అడుగుకు దిగేవాడు. పడవ మీది సహచరుడు తాడు లాగి అతనిని పైకి తెచ్చేవాడు. నక్షత్రాలను చూసి దారి తెలుసుకోవడం, చిప్పలు దొరికే తావులను గుర్తుపట్టడం పడవ పెద్ద అయిన నోఖదాకు తెలిసిన విద్య. ఆ విద్యలో అసత్యమేమీ లేదు. అయినా 1930ల నాటికి జపాన్ కల్చర్డ్ ముత్యాలు విపణిని ముంచెత్తాయి. ఆర్థిక మాంద్యం వాటికి తోడైంది. 1949లో చమురు ఎగుమతి మొదలైన తరువాత ఆ విద్యతో బతుకుతెరువు వెతుక్కునే అవసరం తీరిపోయింది.

ఈ రెండు విసర్జనలూ ఒకటి కావు. చినుకు కథ పరీక్షకు నిలవలేక తొలగింది. మునకగాండ్ర విద్య ఎవరూ ఖండించకుండానే, నేర్చుకొనేవారు లేక మరుగునపడింది.

మూడవ దారి కూడా ఉన్నదని మన హైదరాబాదు చూపుతుంది. గల్ఫ్ ముత్యాలు బస్రా ముత్యాల పేరుతో అక్కడికి చేరేవి. వాటికి సన్నని రంధ్రం వేయడం, వన్నెను బట్టి ఏరడం, దండలుగా గుచ్చడం అక్కడి పనివారి విద్య. బస్రా ముత్యాలు అరుదైపోయాక ఆ నేర్పునే వారు చైనా ముత్యాలకు వినియోగించారు. సరుకు మారినా పనితనం నిలిచింది.

చినుకు కథ సైతం పూర్తిగా పోలేదు. ఒకే నీటిబొట్టు కాలిన ఇనుము మీద ఆవిరైపోతుందనీ, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుందనీ, ఆల్చిప్పలో ముత్యమే అవుతుందనీ చెప్పి, భర్తృహరి సహవాస ప్రభావాన్ని బోధించాడు. ముత్యం పుట్టుకను గురించిన ఊహ తప్పయినంత మాత్రాన సహవాసాన్ని గురించిన నీతి తప్పు కాదు. కథను విజ్ఞానశాస్త్రంగా బోధించడం ఎంత పొరపాటో, శాస్త్రం కాదని నీతిని కూడా పారవేయడం అంతే పొరపాటు.

కనుక “ఇది నిజమేనా?” అని మన పిల్లలు అడిగినప్పుడు నొచ్చుకోవలసిన పని లేదు. ఆ ప్రశ్న వలన తొలగిపోయేది తొలగవలసినదే. మనం భయపడవలసింది ఎవరూ ఏమీ అడగని మౌనానికి. తెలుగు భాషను తప్పని ఎవరూ నిరూపించలేదు, నిరూపించలేరు. కాని ఇంట్లో మాట్లాడేవారు లేకపోతే మునకగాండ్ర విద్యకు పట్టిన గతే దానికీ పడుతుంది. హైదరాబాదు పనివారు కొత్త ముత్యాలకు పాత నేర్పును వాడినట్లు, మన పిల్లల బడి ముచ్చట్లను, ఆటలను, సందేహాలను తెలుగులో మాట్లాడుకోగలిగితే, ఆ భాష ఈ తీరాన కూడా నిలుస్తుంది.