బోర్డు ఉందిగా!

మొన్న ఆస్పత్రి వరండాలో ఓ ముసలావిడ, "ఎక్స్‌రే గది ఎటమ్మా?" అని అడిగింది. "అదిగో, బోర్డు ఉందిగా మామ్మగారూ!" అనేశాను.

"చదువు రాదు తల్లీ" అంది. చచ్చేంత సిగ్గేసింది. బోర్డు తగిలించేస్తే మన బాధ్యత తీరిపోయినట్టేనా?

1969లో మెక్సికో నగరంలో మెట్రో రైలు మొదలైనప్పుడు, లాన్స్ వైమన్ బృందం చదువురానివాళ్లూ పోల్చుకునేలా స్టేషను స్టేషనుకీ ఓ బొమ్మ వేసింది. చాపుల్తెపెక్ అంటే మిడతల గుట్ట. అక్కడ మిడత బొమ్మ. "మిడత దగ్గర దిగు" అంటే చాలు.

ఆ మాటకొస్తే మనకి తెలియని విద్యా? 1951-52 ఎన్నికల్లోనే గుర్తులు పెట్టాం. ఓటప్పుడు జ్ఞాపకమొచ్చిన మామ్మగారు ఎక్స్‌రే అప్పుడు జ్ఞాపకం రాలేదు!

సరే, నేనే దిగబెడతానని చెయ్యి పట్టుకున్నాను. రెండు మలుపులు తిరిగాక (బోర్డులన్నీ చదువుకుంటూనే సుమండీ) నేనూ ఇంకొకర్ని అడగాల్సొచ్చింది.