కారము – కాయకము

భక్తుడు పదార్థమును లింగమునకు అర్పించి ప్రసాదముగా గ్రహించును. అర్పింపదగిన పదార్థమెట్టిదన్నచో, సత్యశుద్ధ కాయకముచే లభించినదని బసవేశ్వరుని మార్గమునందలి పెద్దలు చెప్పిరి. తన కాయకమును తానెరుగును. ఆ పదార్థము వెనుకనున్న పరుల కాయకమును ఎరుగుటెట్లు?

పల్నాటి మిరపనే తీసికొందము. పూర్వము ఇంటి కాయలను ఇంటి రోటిలోనే దంచుకొనెడివారు. తొడిమ తీసిన చేయి, తినెడి నోరు ఒకే గడపలోనివి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట మన మెట్టలలో వాణిజ్యపు పైరులు పెరిగినవి. నేడు కాయ కల్లములో ఎండి, గుంటూరు యార్డుకు పోయి, కోల్డుస్టోరేజిలో నెలల తరబడి యుండి, మరలో పొడియై, పేరెరుగని వాని విస్తరికి చేరుచున్నది. ఇందుకు విజ్ఞానమును నిందింపను. ఆ గిడ్డంగులు లేనినాడు కాయ రంగు వెలిసి పురుగు పట్టెడిది. వర్తకుడు చెప్పిన ధరకే రైతు అమ్ముకొనవలసి వచ్చెడిది.

చిక్కు రంగు వద్ద మొదలైనది. కాయ ఎరుపునకు ముఖ్యకారణము కాప్సాంథిన్ అను పదార్థము. ఎరుపును యంత్రముతో కొలిచి ‘ఆస్టా’ అంకెలలో చెప్పుదురు. కొలత న్యాయమైనదే. కాని ఎరుపునకు వెల కట్టగానే ఉత్త ఎరుపును అమ్మజూచువాడు పుట్టును. మైనములకు, బూట్ల పాలిషులకు వాడెడి సూడాన్ అను కృత్రిమ రంగు కారములో చేరినది అట్లే. 2003లో భారతదేశమునుండి వెళ్లిన కారపు సరుకులో ఫ్రాన్సు దానిని కనుగొనగా, పరీక్షాపత్రము లేని కారమును రానీయరాదని ఐరోపా సమాఖ్య శాసించినది. 2005లో బ్రిటనులో ఆ రంగు కలిసిన వందలాది తినుబండారములను అంగళ్లనుండి తొలగించిరి. రంగును చేసినది రసాయనశాస్త్రమే, దొంగను పట్టి యిచ్చినదియు అదియే.

పరీక్షలుండగా మనస్సాక్షి యేల యని కొందరందురు. పరీక్ష తాను వెదకినదానినే కనుగొనును. సూడాన్‌ను వెదకెడి పరీక్షకు బూజు విషము కనబడదు. సరిగా ఎండని కాయపై ఆస్పర్జిల్లస్ అను బూజు పుట్టించెడి అఫ్లాటాక్సిను కాలేయమునకు చేటు. కంటికిగాని నాలుకకుగాని తెలియదు, వంటతో పూర్తిగా నశింపదు. కిలో మిరపలో అది 10 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా వారి హద్దు. ఆ హద్దు ప్రయోగశాలలో తేలునుగాని, నిర్ణయమగునది కల్లములోనే. మంచు కురియు రాత్రి లేచి పట్టా కప్పినవాడు, తాలుకాయలు ఏరివేసిన కూలి తల్లి – వీరి పేర్లు ఏ సంచిపైనను ఉండవు.

అయినను నిజాయితీని రైతునొక్కనినే అడుగుట అధర్మమని నా అభిప్రాయము. పట్టా కొనవలెను, తాలు ఏరుటకు కూలి ఈయవలెను. కంటికి కనబడు ఎరుపునకు ధర పలికెడి బజారు, కనబడని ఈ శుభ్రతకు ఏమిచ్చుచున్నది? దాసోహము జరుపు మఠములకు ఏటేట కారము చాలినంత కావలెను గదా. పొడి సంచులకు బదులు, పట్టాపై ఎండబెట్టిన రైతుకు నాలుగు రూపాయలు హెచ్చుగా ఇచ్చి కాయలే కొని, మన యెదుటనే మర పట్టించుకొనవచ్చును. కాయనైన విరిచి లోపల బూజున్నదేమో చూడగలము. మాచర్ల, గురజాల ప్రాంతములలో మాఘ ఫాల్గుణములలో కల్లములు నిండియే యుండును.