సరమ అడిగిన ప్రశ్న

పోయిన వీడియోలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కని వదిలేసి స్వర్గానికి రానన్న కథ చెప్పుకున్నాం కదా. ఆ కుక్క మారువేషంలో ఉన్న యముడే కాబట్టి అలా అన్నాడని చాలామంది రాశారు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయనకి ఆ సంగతి తెలీదండీ. ఆయనకి అది మామూలు కుక్కే.

నా సంగతి చెప్తాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ వీడియో చూసిన వారంలోనే, ఏ.ఎస్. రావు నగర్‌లో మా గేటు ముందు పడుకున్న కుక్కని రాయితో కొట్టాను. అది మొరగలేదు, మీదికి రాలేదు. కుంటుకుంటూ పోయింది. ఆ తర్వాత నా బండి చప్పుడు వింటే చాలు, లేచి ఎదురు సందులోకి వెళ్లిపోయేది. పక్కింటి అంకుల్ వస్తే మాత్రం తోక ఊపేది.

కోల్‌కతా ఐసర్‌లో అనిందిత భద్ర గారి బృందం వీధికుక్కల మీద చేసిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. రెండు గిన్నెలు పెట్టి, మనిషి ఒకదాన్ని వేలితో చూపిస్తాడు. ఏ ట్రైనింగూ లేని కుక్కలవి. గిన్నె దగ్గరికి వచ్చినవాటిలో నూటికి 80 దాకా చూపించిన వైపే వెళ్లాయట. అయితే దాదాపు సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. వాటిలో బెదురు ఎక్కువ కనిపించింది, మనుషుల చేతిలో దెబ్బలు తిని ఉండొచ్చని వాళ్లు అనుకున్నారు. మా గేటు దగ్గరది ఏ సగంలో ఉంటుందో నాకు తెలుసు. వేలు ఎటు చూపిస్తున్నామో అర్థమయ్యే ప్రాణికి, చేతిలో రాయి అర్థం కాదా?

భారతం చివర్లో కుక్క ఉందని అందరికీ తెలుసు. మొదట్లోనూ ఉంది. ఆదిపర్వంలో దేవతల కుక్క సరమ పిల్ల జనమేజయుడి యాగానికి వస్తే, రాజు తమ్ముళ్లు కొట్టారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డని సరమ ముందు నువ్వేం తప్పు చేశావనే అడిగింది (అమ్మలందరూ ఇంతే). హవిస్సుని నాకలేదు, కనీసం అటు చూడలేదు అంది అది. అప్పుడు వెళ్లి రాజుని నిలదీసింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. ఊహించని భయం మీకు వస్తుందని శపించింది. సరమ అక్కడ జాలి అడగలేదు, కారణం అడిగింది. భయం వేసింది అని నేను చెప్పగలను. అంబర్‌పేట తల్లికి ఆ మాట సరిపోతుంది. నాకు సరిపోదు, ఎందుకంటే నేను కొట్టిన కుక్క పడుకుని ఉంది.

ఈ మధ్య దాన్ని తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, రూల్ ప్రకారం మళ్లీ మా గేటు దగ్గరే వదిలారు. మూడో రోజు రాత్రి నేనొస్తే లేవలేదు. తలెత్తి చూసింది, అంతే. నేను ఇంజన్ ఆపేసి, బండి నెట్టుకుంటూ లోపలికి వెళ్లాను.