ఎకరం పత్తి, ఒక్క మగ్గం

అమ్మడూ,

గుంటూరు జిల్లా పత్తిని మంగళగిరి మగ్గం మీద నేయించి, మన ఊళ్లోనే చొక్కాలు కుట్టించి అమ్ముతానన్నావు. బాగుంది. ఉద్యోగం మానేస్తావేమోనని మీ అమ్మ కంగారు. నాకా కంగారు లేదు. నా అనుమానం వేరు. చొక్కాకి పేరు పెట్టావు, గుర్తు గీయించావు, సంచి మీద ఏం అచ్చేయాలో కూడా ఆలోచించావు. నూలు ఎక్కణ్ణుంచి తెస్తావే అని అడిగితే మాత్రం "అక్కడే దొరుకుతుందిగా మావయ్యా" అన్నావు.

దొరకదమ్మా. అదే చెబుదామని ఈ ఉత్తరం.

పత్తి మనకుంది, మగ్గమూ ఉంది. తెగిపోయింది మధ్యలో. ప్రత్తిపాడు చేలో తీసిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ వదిలించుకుని, బేలుగా బిగిసి లారీ ఎక్కిందంటే ఇక దానికి ఊరూ పేరూ ఉండవు. చిలకలూరిపేట, గణపవరం వైపు నూలు మిల్లులు లేకపోలేదు. వాటి నూలు ఎక్కువగా కోన్ల మీద చుట్టుకుని మరమగ్గాలకో ఎగుమతికో వెళ్తుంది. చేనేతకు కావలసింది చిలప నూలు, అంటే కోను లేకుండా వదులు చుట్టలుగా కట్టింది. మంగళగిరికి ఆ చిలపలు వచ్చేది చాలావరకు తమిళనాడు మిల్లుల నుంచి. మన పత్తే అక్కడికి పోయి నూలై తిరిగొచ్చినా రావచ్చు, చెప్పగలిగేవాడు లేడు. కాబట్టి మగ్గం ఇక్కడే ఉన్నంత మాత్రాన "గుంటూరు పత్తి బట్ట" అని రాయకు. అడిగేవాడు ఒకడొస్తాడు, వచ్చిన రోజు నీ దగ్గర జవాబుండాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ తెగుడు లేదు. పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, ఏకి, ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు నూలు తీస్తారు. వెళ్లి చూడు, తప్పకుండా చూడు. కానీ ఆ నూలుతో వ్యాపారం చేద్దామని మాత్రం అనుకోకు. అది వడికేది చాలావరకు వయసు మళ్లిన ఆడవాళ్లు. నీ ఆర్డరు గడువులు వాళ్ల వేళ్ల మీద పెట్టడం నాకు నచ్చదు. ఉజ్రమ్మ గారని ఒకావిడా, ఆవిడతో పనిచేసినవాళ్లూ "మల్ఖా" పేరుతో ఇంకో దారి వేశారు. దూదిని బేలుగా బిగించకుండా, చేలకు దగ్గర్లోనే చిన్న యంత్రాల మీద వడికించడం ఆ పద్ధతి. బేలు కడితే దూది రాయిలా గట్టిపడుతుంది, దాన్ని మళ్లీ చీల్చి శుభ్రం చేయడానికి బరువైన యంత్రాలు కావాలి, ఆ రాపిడిలో పోగు నలుగుతుంది. ఆ బాధ లేని నూలుతో నేసిన బట్ట మెత్తగా ఉంటుంది, రంగును కూడా బాగా పట్టుకుంటుంది. ఆవిడా మీనా మీనన్ గారూ కలిసి రాసిన పత్తి చరిత్ర పుస్తకం 2017లో ఇంగ్లీషులో వచ్చింది. నీ వ్యాపారం పుస్తకాలకంటే అది ముందు చదువు.

ఇప్పుడు నాకిష్టమైన పని, లెక్క. సొసైటీలో చిట్టాలు రాసిన చేయి ఊరుకోదు కదా.

మంగళగిరి బట్ట అనగానే అందరూ ఎనభయ్యో నంబరు నూలు గురించే మాట్లాడతారు. 840 గజాల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగితే అది అన్నో నంబరు నూలు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం, సన్న పోగుకు పింజ మరీ పొడుగ్గా ఉండాలి. మన చేలల్లో పండే పత్తి నలభయ్యో నంబరుకు హాయిగా సరిపోతుంది, ఎనభైకి చాలదు. స్థానిక పత్తి కావాలా, నాజూకు బట్ట కావాలా? రెండూ ఒకేసారి కుదరవు. నా మాట వింటే నలభై తీసుకో. కాస్త దళసరిగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

ఆ నూలుతో రెండుంబావు మీటర్ల చొక్కా గుడ్డ మూడు వందల గ్రాములు తూగుతుంది. మూడు కిలోల గింజపత్తికి దూది వచ్చేది కిలో, వడకడంలో మళ్లీ కొంత పోతుంది. అంటే చొక్కాకు కిలోంబావు గింజపత్తి. 2025–26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం చెప్పిన మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. కిలోంబావుకు వంద రూపాయలు. నువ్వు చొక్కాకు ఎంత ధర పెడతావో నాకు తెలీదు, ఎంత పెట్టినా అందులో రైతు పాలు ఆ వందే. కిలోకు ఇరవై రూపాయలు ఎక్కువిచ్చావనుకో, రైతుకు నాలుగో వంతు రాబడి పెరుగుతుంది, నీ చొక్కా మీద పడేది పాతిక రూపాయలు. గుండీల మార్పుకు అంతకంటే ఎక్కువవుతుంది. రైతు దగ్గర బేరమాడావని నా చెవిన పడకూడదు.

బేలంటే 170 కిలోల దూది. ఏడాది బాగుంటే ఎకరానికి ఇంచుమించు ఒక బేలు వస్తుంది. దాంట్లోంచి నాలుగు వందల చొక్కాలకు తక్కువ రావు. తొమ్మిది వందల మీటర్ల గుడ్డ. గుంట మగ్గం మీద సాదా బట్ట రోజుకు నాలుగు, నాలుగున్నర మీటర్లు. అంటే ఒక్క మగ్గానికి రెండు వందల పైచిలుకు రోజుల పని. చూశావా, ఎకరం చేనూ ఒక మగ్గమూ ఒకదానికొకటి ఏడాదికి సరిపోతాయి. నీ కొలత అదే పెట్టుకో. ఇరవై రకాల డిజైన్ల మాట ఆ తర్వాత.

చిక్కల్లా ఏమిటంటే, ఒక్క బేలు కోసం మిల్లువాడు యంత్రం కడిగి వేరుగా నడపడు. అందుకని మొదటి ఏడాది దగ్గర్లోని మిల్లు నూలే కొను, చిలపలు కట్టిమ్మని అడుగు. మిల్లు ఏ ఊరిదో చీటీ మీద రాయి, పత్తి మాట ఎత్తకు. ఈలోగా నీలాంటివాళ్లు ఇంకో నలుగురు దొరికితే, ఏదో ఒక సొసైటీ కలిసొస్తే, రైతుల పత్తిని వేరుగా జిన్ను పట్టించి, మిల్లులో మీ వంతుకొక రోజు అడగొచ్చు. "ఆర్గానిక్" అన్న మాటైతే అసలే వద్దు. భూమి మారడానికే రెండేళ్లు పడుతుంది, బీటీ విత్తనం వేస్తే ఆ సర్టిఫికెట్టు రాదు. గులాబీ రంగు పురుగుతో నష్టపోయిన రైతు దగ్గరికెళ్లి ఉన్న పొలమంతా నాటు పత్తి వేయమనకు. ఒక మూల వేయమను, పండినా పండకపోయినా ఆ మూలకు కౌలు నువ్వివ్వు.

నేతవాళ్ల దగ్గర రెండే రెండు సంగతులు గుర్తుంచుకో. గుడ్డ చేతికొచ్చిన రోజే డబ్బివ్వాలి, చొక్కా అమ్ముడుపోయాక కాదు. కొట్లవాళ్లు నీకు అరువు పెడతారు, ఆ అరువును మగ్గం దాకా తీసుకెళ్లకు. రెండోది, మీటరు లెక్కన కూలి కట్టేటప్పుడు కండెలు చుట్టే ఇల్లాలి పని ఎవరి లెక్కలోనూ ఉండదు. నువ్వు ఆమె పేరున వేరే వరుస రాసి వేరే కూలివ్వు. మొదట్లో ఆమె మొగుడు నవ్వుతాడు, నవ్వనీ. వానాకాలంలో మాత్రం తొందరపెట్టకు. వీధిలో పడుగు చాపి గంజి పెట్టడానికి ఎండ కావాలి, మగ్గం గుంటలో నీళ్లూరితే కాళ్లు పెట్టలేరు.

రంగుల జోలికి ఈ ఏడాది పోకు, కోరా గుడ్డతోనే మొదలుపెట్టు. తర్వాత నీలిమందు, కరక్కాయ, దానిమ్మ తొక్క చూద్దాం, వాటికి నీళ్లూ ఓపికా బాగా కావాలి. గుడ్డ కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరేయించు, లేకపోతే కొన్నవాడి చొక్కా మొదటి ఉతుకులోనే పొట్టిదై నీ పరువు తీస్తుంది. దర్జీ వాడే దారం పాలియెస్టరుది, కాలరు లోపల అతికించేదీ చాలాసార్లు అదే. నూలు దారం తెప్పించు. దొరక్కపోతే ఉన్నమాట చెప్పు, "నూటికి నూరు శాతం" అనకు.

పత్తి మొదటి తీత దసరా దాటాక ఊపందుకుంటుంది. అంతకుముందే మిల్లువాళ్లతో మాట్లాడాలి, వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు. చిలపలు చెమ్మగా ఉన్నప్పుడు తూకం ఎంత పెరుగుతుందో నీకింకా తెలీదు, వాళ్లకు బాగా తెలుసు.

మీ మావయ్య