చక్రం చాటున జరిగే పని

మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి, ఈ రెండింటినీ దాటుకుంటూ పోయే ఔటర్ రింగు రోడ్డు ఉన్న ఈ ప్రాంతంలో బండ్ల రాకపోకలకు విరామం ఉండదు. ఇక్కడ దసరాకు ఆయుధపూజ చేసి, బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించడం ఆనవాయితీ. అలా పూజ అందుకున్న చక్రం వెనుక, యజమాని చూపు చేరని చోట జరిగే మరమ్మతుకు ధర్మంతో ఉన్న సంబంధం ఏమిటన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ప్యాడ్లు మార్చిన తరువాత బ్రేకు కీచుమనడం ఆ ప్రశ్నకు మంచి ప్రవేశం.

ఉక్కు పలకకు రాపిడి పదార్థాన్ని అతికించి చేసేది బ్రేకు ప్యాడు. పెడల్ నొక్కగానే, చక్రంతో పాటు తిరిగే డిస్కును క్యాలిపర్ అనే పట్టు ఈ ప్యాడ్లతో రెండు వైపుల నుంచీ అదుముతుంది. ఆ ఒరిపిడిలో ప్యాడు పట్టుకుంటూ జారుతూ సెకనుకు వెయ్యికి పైగా సార్లు కంపించినప్పుడు డిస్కు కూడా మోగి కీచు శబ్దం పుడుతుంది. క్యాలిపర్ జరగడానికి ఆధారమైన పిన్నుల మీద గ్రీజు ఎండిపోయినా, రబ్బరు తొడుగు చిరిగి నీరు చేరి తుప్పు పట్టినా, ఒక ప్యాడు డిస్కును వదలక వాలుగా అరుగుతుంది. కనుక పిన్నులను బయటికి లాగి, పాత జిడ్డు తుడిచి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. ప్యాడు చెవులు ఆనే చోట తుప్పు గీకి, కంపనాన్ని మింగే షిమ్ రేకును ప్యాడు వెనుక సరిగా కూర్చి, డిస్కు మీది జిడ్డును క్లీనరుతో తుడవాలి.

చక్రం బిగించాక ఇందులో ఏదీ కనబడదు. యజమానికి అందే ఫలం నిశ్శబ్దం ఒక్కటే. ఫలాసక్తి వదలమని బోధించే గీతను పట్టుకొని, శబ్దం వస్తే రానీ, పని చేయడమే తన వంతు అని మెకానిక్ అనుకోవచ్చునా? కూడదు. పర్యవసానాన్ని, నష్టాన్ని, హింసను లెక్కచేయక మోహంతో మొదలుపెట్టే పనిని పద్దెనిమిదో అధ్యాయం తామస కర్మగా చెప్పింది. వదలవలసినది తనకు దక్కే మెప్పు మీద, కూలి మీద ఉన్న ఆశ. ఎదుటివారి ప్రాణానికి సంబంధించిన పర్యవసానం మీద శ్రద్ధ కాదు. ఈ తేడాను విస్మరించిన వ్యాఖ్యానం ఎంత వేదాంతంగా వినిపించినా బాధ్యతారాహిత్యానికే అండ అవుతుంది.

దొంగ నిశ్శబ్దం కూడా ఉంది. ప్యాడు అరిగి రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలేసరికి డిస్కును తాకి కీచుమనేలా కొన్ని ప్యాడ్లకు చిన్న లోహపు నాలుక అమర్చి ఉంటుంది. దాన్ని వంచేసినా శబ్దం ఆగుతుంది, కానీ ఆ శబ్దం చెప్పవలసిన నిజం కూడా ఆగిపోతుంది. ప్యాడు ముఖానికి గ్రీజు రాస్తే అంతకన్నా ఘోరం: బ్రేకే పట్టదు. అందువల్ల శబ్దాన్ని ఆపే ముందు అది ఎందుకు వస్తున్నదో తెలుసుకోవడమే ఈ వృత్తిలో వివేకం.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చాకలి మాచయ్యను మహాభక్తుల వరుసలో నిలిపాడు. చేతిపనిని పూజకు తక్కువ చేయని ఆ వీరశైవ దృష్టి బండ్లు బాగుచేసే షెడ్లకూ వర్తిస్తుంది. పూజాద్రవ్యం విషయంలో పాటించే శుచి పిన్ను మీది గ్రీజు విషయంలోనూ పాటించదగినదే.

బిగించడంతో పని ముగియదు. ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి, బండిని పూర్తిగా ఆపకుండా, పలుమార్లు నిదానంగా బ్రేకు వేస్తూ, నడుమ డిస్కు చల్లారనిస్తే ప్యాడు పదార్థం దాని మీద సమంగా పరుచుకుంటుంది. వాన వెలిసిన ఉదయం డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు వల్ల మొదటి కొన్ని బ్రేకులకు చప్పుడు రావచ్చునని, అది లోపం కాదని, అయితే ఆగకుండా వస్తే మళ్లీ విప్పి చూడాలని యజమానికి ముందే చెప్పడం కూడా మెకానిక్ చేయవలసిన పనిలో భాగమే.